మూడో కన్నం

తాటిపాక సెంటర్లో ఖాజావలీ షెడ్డు.
పాత పేపరు పరిచి దాని మీద ఐదు గేజీలు పెట్టాడు,
సంతలో వెల్లకిలా వేసిన పీతల్లా,
వైర్లన్నీ పైకి.
నా జేబులో ఉన్నది రెండిటికి సరిపడే డబ్బు.
డ్యాష్‌బోర్డుకి మాత్రం ఆశకొద్దీ
ముందే మూడు కన్నాలు కొట్టించుకొచ్చాను.

చెయ్యి తిన్నగా టర్బో బూస్టు మీదికే పోయింది.
నీలం వెలుగు. రాత్రిపూట స్టీరింగు వెనక
చిన్న చందమామ ఉన్నట్టుంటుందని
భీమవరం ప్లాంటు దగ్గర కుర్రాళ్ళు చెప్పారు.
"అది పెళ్ళికెళ్ళే బండికి," అన్నాడు వలీ.
"నీది ఐసూ రొయ్యా మోసేది.
మన కోనసీమలో కొండెక్కడుందో చూపించు.
ఎక్కితే వంతెనెక్కాలి,
లేదంటే ఏటిగట్టు."

వంతెన అనగానే ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

పోయిన వేసవి, చించినాడ వంతెన నడుమ,
టన్నున్నర రొయ్య, నలభై కౌంటు,
ఎదురుగాలి.
టెంపరేచరు సూది సగంలోనే ఉంది, బుద్ధిగా.
గొట్టం పగిలి నీళ్ళు ఎప్పుడో దిండి దగ్గరే పోయాయి.
నీళ్ళే లేని చోట సూది దేన్ని కొలుస్తుంది?
ఉత్త గాలిలో నిలబడి
అంతా బాగానే ఉందంది.
హెడ్డు పోయాక తెలిసింది నాకు.
తెల్లారేదాకా ఐసు కరిగి
తలుపు సందుల్లోంచి వశిష్ఠలోకి చుక్కలు చుక్కలుగా.
చెరువు రైతు ముత్యాలు ఫోన్లో ఒక్క మాటనలేదు.
తిట్టినా బావుణ్ణు.

"ఏది ఖరీదని కాదు, ఏది ముద్దొస్తుందని కాదు," అన్నాడు వలీ,
"సూది పడ్డాక బండి నీకెంత టైమిస్తుంది? అదీ లెక్క.
బ్యాటరీ పోతే తోసుకుంటావు.
గేరుబాక్సు కాగితే పాలకొల్లు దాకా ఈడుస్తావు.
పొగగొట్టం వేడి, వంతెన మీద కాలు తీస్తే దిగుద్ది.
ఆయిలు ప్రెషరు పడిందా,
అమ్మో అనేంత టైమే.
తక్కువ టైమిచ్చేదాన్ని కంటికెదురుగా పెట్టు."

ముత్యాలు గుర్తొచ్చాడు.
మబ్బు పట్టిన రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని
మేత కాదు, ధర కాదు,
ముందు నీళ్ళలో గాలి ఎంతుందో చూస్తాడు.
మిగతావన్నీ తెల్లారాక.

మొదటి కన్నంలో ఆయిలు.
రెండో దాంట్లో పొగ వేడి.
నీళ్ళకి గేజీ వద్దన్నాడు,
డబ్బాలో మట్టం తగ్గితే అరిచే బజరు చాలంట,
నూటెనభై రూపాయలు, అప్పు రాసుకున్నాడు.
బూస్టుని మళ్ళీ దాని అట్టపెట్టెలో పడుకోబెట్టాడు.

ఒకప్పుడు వలీకి ఇవేవీ అక్కర్లేదు.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి
ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు.
ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా, కుడిది సగం.
"చెవులు పోయాకే సూదుల్ని నమ్మడం నేర్చుకున్నా,"
అని నవ్వి, పిడి నా చెవికి ఆనించాడు.
ఏం వినబడుతోందని అడిగాడు.
నాకన్నీ ఒకే చప్పుడు.

మర్నాడు దిండి గేటు దగ్గర ఆగానో లేదో
ఆయిలు సూది జారి కింద కూర్చుంది.
నా ప్రాణం కూడా.
ఫోను చేస్తే వలీ కూతురు రహీమున్నీసా ఎత్తి
అటు అరిచి, ఇటు చెప్పింది:
"ఆగినప్పుడు రోజూ అక్కడికే దిగుతుందా అంటున్నారు.
రోజూ ఎక్కడుంటుందో తెలీకుండా
ఇవాళ తప్పని ఎలా అంటావంటున్నారు."

వారం రోజులు డీజిలు బిల్లుల వెనక రాశాను,
ఆగితే ఎంత, పరిగెడితే ఎంత, లోడుతో ఎంత.
మా ఆవిడ గోళ్ళరంగుతో
అద్దం మీద రెండు ఎర్రచుక్కలు పెట్టింది.
సూది ఆ రెండు చుక్కల మధ్యే కాపురం.

మూడో కన్నానికి మూత వెయ్యమంటావా అన్నాడు వలీ.
వద్దన్నాను.
వంతెన ఎక్కేటప్పుడు అందులోంచి
ఇంజను వేడిగాలి మోకాలికి తగులుతుంది,
వెనకాలే చప్పుడు.
రేడియో కట్టేస్తాను.
ఈమధ్య అందులో రెండు మూడు రకాలు
విడివిడిగా వినబడుతున్నాయి.